ఇల్లు కొనేముందు, లోన్ తీసుకునేముందు: శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మొదటిసారి ఇల్లు కొనేవాళ్లు గజం రేటు దగ్గర వారం రోజులు బేరమాడతారు, కాగితాల దగ్గరికి వచ్చేసరికి "బ్యాంకు వాళ్లు చూసుకుంటారులే" అని వదిలేస్తారు. నాకు బాధ కలిగించేది ఇదే. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు ఇచ్చే అప్పు తిరిగి వస్తుందా లేదా అని. మీరు పెట్టే అడ్వాన్సు, మీ అమ్మానాన్నల పొదుపు, రేపు మీ పిల్లల హక్కు, ఇవన్నీ మీరే చూసుకోవాలి. ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా జనం ఎక్కువగా అడిగే ప్రశ్నలకి ఇక్కడ జవాబులు రాశాను. కొన్నిటికి పెద్ద జవాబు కావాలి, కొన్నిటికి రెండు ముక్కలు చాలు.

జీతం చేతికి 40 వేలు వస్తుంది. ఎంత లోన్ దాకా వెళ్లొచ్చు?

వేరే అప్పులు లేకపోతే, జీతంలో సగం దాకా ఈఎంఐకి పోయినా ఇచ్చే బ్యాంకులున్నాయి. అంటే 20 వేల ఈఎంఐ, 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకి లెక్కేస్తే దాదాపు 23 లక్షల లోన్. కానీ బ్యాంకు ఇస్తానన్నంత తీసుకోవద్దు. పిల్లల ఫీజులు, అమ్మానాన్నల మందులు, ఊళ్లో పండగలు, బంధువుల పెళ్లిళ్లు, ఇవేవీ బ్యాంకు లెక్కలోకి రావు. నా మట్టుకు జీతంలో 35 శాతం దాటితే ఇబ్బందే. 40 వేలకి 14 వేల ఈఎంఐ అంటే 16 లక్షల లోన్.

నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. ఇప్పుడు అద్దె 6 వేలు, రేపటి ఈఎంఐ 14 వేలు అనుకుందాం. ఆ తేడా 8 వేలు ప్రతి నెలా ఒకటో తారీఖున వేరే ఖాతాలో వేస్తూ ఆరు నెలలు గడిపి చూడండి. ఆ డబ్బు ముట్టుకోకుండా ఇల్లు గడిస్తే ముందుకి వెళ్లండి. మధ్యలో రెండుసార్లు తీయాల్సి వచ్చిందంటే లోన్ మొత్తం తగ్గించుకోవాలి.

30 లక్షల ఇంటికి చేతిలో ఎంత ఉండాలి?

రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు లోన్ అయితే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం దాకా, ఆ పైన అయితే 75 శాతం దాకా ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అంటే ఇచ్చి తీరాలని కాదు. పైగా ఆ విలువ బ్యాంకు వాల్యుయేషన్‌లో తేలినది, మీ అగ్రిమెంటులో రాసినది, రెండిట్లో ఏది తక్కువైతే దాని మీదే లెక్క కడతారు. కాబట్టి 20 శాతం, అంటే 6 లక్షలు మీ దగ్గర ఉండాలనుకోండి.

రిజిస్ట్రేషన్ ఖర్చు అది కాక. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం 7.5 శాతం. దస్తావేజులో రాసిన ధర, ప్రభుత్వ మార్కెట్ వాల్యూ, వీటిలో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. 30 లక్షలకి 2,25,000 అవుతుంది, ఇది లోన్‌లో కలవదు. తర్వాత ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, దస్తావేజు లేఖరి ఫీజు, బ్యాంకు పేరున తనఖా రాసే ఎంఓడీ ఖర్చు. ఇల్లు చేతికొచ్చాక గ్రిల్సు, కప్‌బోర్డులు, ఫ్యాన్లు, మోటారు, గృహప్రవేశం భోజనాలు. నన్నడిగితే 10 లక్షలకి తక్కువ ఉంటే 30 లక్షల ఇంటి జోలికి వెళ్లకూడదు.

అమ్మేవాళ్లు రిజిస్ట్రేషన్ తక్కువకి చేయించి మిగతాది క్యాష్‌గా ఇమ్మంటున్నారు. పర్లేదా?

వద్దు. ఇళ్లు, స్థలాల లావాదేవీల్లో 20 వేలు, ఆ పైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం, తీసుకున్నంత మొత్తం పెనాల్టీ వేయొచ్చు. పెనాల్టీ వాళ్లకి కదా అనుకోవద్దు. బేరం చెడిపోతే మీరిచ్చిన క్యాష్‌కి రుజువు ఉండదు. దస్తావేజులో ధర తగ్గితే మీకొచ్చే లోనూ తగ్గుతుంది. రేపు మీరు అమ్మేటప్పుడు కొన్న ధర తక్కువగా కనిపించి లాభం ఎక్కువ చూపిస్తుంది, పన్ను మీరే కట్టాలి. బయానా పదివేలైనా సరే చెక్కు గానీ ఆన్‌లైన్ గానీ.

ధర 50 లక్షలు, ఆ పైన అయితే కొనేవాళ్లే అమ్మేవాళ్లకి ఇచ్చే డబ్బులోంచి 1 శాతం పన్ను (టీడీఎస్) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి, ఇది చాలామంది మర్చిపోతారు. అమ్మేవాళ్లు ఎన్ఆర్ఐ అయితే టీడీఎస్ ఇంకా చాలా ఎక్కువ, అప్పుడు మాత్రం ఆడిటర్ని కలవకుండా డబ్బు పంపొద్దు.

డౌన్ పేమెంటుకి చిట్టీ పాడొచ్చా? బంగారం పెట్టొచ్చా?

పాడొచ్చు, పెట్టొచ్చు. కానీ పాడిన చిట్టీకి నెలనెలా కట్టాలి, బంగారం మీద వడ్డీ నడుస్తుంది, వాటి మీద ఇంటి ఈఎంఐ వచ్చి పడుతుంది. మూడూ కలిపి జీతంలో సగం దాటితే ఒక సంవత్సరం ఆగి కొనండి. ఇంట్లో ఆడవాళ్ల బంగారం అంతా ఊడ్చి పెట్టి ఇల్లు కొనడం నాకు నచ్చదు, రేపు ఆసుపత్రి ఖర్చొస్తే ఆదుకునేది అదే.

ఈసీ తీయించాం, క్లియర్‌గా ఉందన్నారు. ఇంకేం చూడాలి?

ఈసీ అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరయిన లావాదేవీల జాబితా. మీరే చదవండి, కష్టమేం కాదు. కనీసం 30 ఏళ్లకి తీయించండి. ప్రతి ఎంట్రీలో తేదీ, దస్తావేజు రకం, ఎవరు రాసిచ్చారు, ఎవరు రాయించుకున్నారు, విస్తీర్ణం, హద్దులు, డాక్యుమెంటు నంబరు ఉంటాయి. పక్కన తెల్లకాగితం పెట్టుకుని పాతవాటి నుంచి మొదలుపెట్టి పేర్లు రాసుకుంటూ రండి. 1996లో ఒకాయన కొన్నారు, 2009లో ఆయన కొడుకు అమ్మారు అని ఉందనుకోండి, మధ్యలో తండ్రి నుంచి కొడుక్కి ఎలా వచ్చింది? గిఫ్టు రాశారా, వీలునామానా, పంపకమా? ఆ ఖాళీకి కాగితం చూపించమని అడగాలి. తగాదాలు పుట్టేది ఆ ఖాళీల్లోనే.

తర్వాత తనఖాలు. తనఖా అనో ఎంఓడీ అనో కనిపించిన ప్రతి ఎంట్రీకి, కింద ఎక్కడో ఒకచోట రిలీజ్ కనిపించాలి. "అప్పు ఎప్పుడో తీర్చేశాంలెండి" అంటే కుదరదు, ఈసీలో కనిపించాలి. మన వైపు పాత ఈసీల్లో ఆంధ్రా బ్యాంకు తనఖాలు చాలా ఉంటాయి. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది కాబట్టి రిలీజ్ యూనియన్ బ్యాంకు నుంచి తెచ్చుకోమని అమ్మేవాళ్లకి చెప్పండి. మీరు అడ్వాన్సు ఇచ్చేలోపే ఆ పని అవ్వాలి.

ఇక ఈసీలో కనిపించనివి. రిజిస్టరు కాని అగ్రిమెంటు, రిజిస్టరు చేయని వీలునామా, కోర్టులో నడుస్తున్న చాలా కేసులు, ఇంటి పన్ను బాకీ, కరెంటు బాకీ, ఇవేవీ అందులో ఉండవు. అందుకే ఇరుగుపొరుగుని అడగండి. కిళ్లీ కొట్టు దగ్గర అరగంట నిలబడితే ఆ ఇంటి అన్నదమ్ముల గొడవ మొత్తం తెలుస్తుంది. లింకు డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల దస్తావేజులు, ఒరిజినల్స్ చూడాలి. జిరాక్సులే చూపిస్తూ ఒరిజినల్స్ రేపు ఎల్లుండి అంటున్నారంటే అవి ఎక్కడో అప్పుకి కుదువలో ఉన్నాయేమోనని అనుమానించాలి. మీ సొంత ఖర్చుతో ఒక లాయరుకి చూపించండి. బ్యాంకు లాయరు వేరు, మీ లాయరు వేరు.

కొనేది స్థలమో, పల్లెలో ఇల్లో అయితే ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో 1-బి (యజమాని రికార్డు), అడంగల్ (సాగు, స్వాధీనం రికార్డు) కూడా చూడండి. రీసర్వే జరిగిన గ్రామాల్లో పాత సర్వే నంబరు బదులు ల్యాండ్ పార్సిల్ మ్యాప్ (ఎల్‌పీఎం) నంబరు వచ్చింది. దస్తావేజులో పాతది, రికార్డులో కొత్తది ఉంటే రెండిటికీ పొంతన కుదిర్చే కాగితం అడగాలి, విస్తీర్ణంలో సెంటు తేడా ఉన్నా వదలొద్దు. సెంటంటే 48.4 గజాలు, పట్టణంలో దాని ఖరీదు చిన్నదేం కాదు.

మాది చీపురుపల్లి, పాత దస్తావేజులో శ్రీకాకుళం జిల్లా అని ఉంది. సమస్యా?

కాదు. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. అంతకు ముందు బొబ్బిలి, చీపురుపల్లి వైపు శ్రీకాకుళం జిల్లాలో, విజయనగరం, గజపతినగరం వైపు విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. మళ్లీ 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. పాత కాగితం పాతలాగే ఉంటుంది. మీ కొత్త దస్తావేజులో మాత్రం ఇప్పటి జిల్లా, మండలం, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు సరిగ్గా రాయించండి.

తండ్రి ఆస్తి కొడుకులు అమ్ముతున్నారు. అప్పచెల్లెళ్ల సంతకాలు కావాలా?

కావాలి. "పెళ్లిళ్లకి కట్నాలిచ్చేశాం, వాళ్లకేం సంబంధం లేదు" అని చెప్తారు. చట్టం అలా చెప్పదు. 2005 సెప్టెంబరు 9 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంది, ఆ తేదీకి తండ్రి బతికున్నారా లేదా అన్నదానితో పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పంపకాలని మాత్రం తిరగదోడరు. తండ్రి సొంత సంపాదన అయినా, ఆయన వీలునామా రాయకుండా పోతే భార్యకి, కూతుళ్లకి, బతికుంటే ఆయన తల్లికి కూడా వాటా వస్తుంది.

కాబట్టి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెప్పించి అందులో ఉన్న ప్రతి పేరుకీ సంతకం పడేలా చూడండి. పెద్దప్ప చెన్నైలో ఉన్నారు, చిన్నమ్మాయి గల్ఫ్‌లో ఉంది, రావడం కష్టం అంటే రిజిస్టరు చేసిన పవర్ ఆఫ్ అటార్నీ ఇప్పించుకోవచ్చు. విదేశాల్లో ఉన్నవాళ్లయితే అక్కడి భారత రాయబార కార్యాలయంలో అటెస్ట్ చేయించి పంపాలి. అలాంటప్పుడు అసలు యజమానితో వీడియో కాల్‌లో మీరే మాట్లాడండి, ఎందుకంటే ఆ మనిషి చనిపోతే పవర్ కూడా చెల్లదు. ఉత్త జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ) మీదే ఇల్లు చేతులు మారితే అది అమ్మకం కిందికి రాదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మైనరు పేరున ఆస్తి ఉంటే కోర్టు అనుమతి లేకుండా తండ్రయినా అమ్మడానికి లేదు.

తక్కువకి వస్తోంది, డి-పట్టా స్థలం. కొనొచ్చా?

తక్కువకి వస్తోందంటే కారణం ఉంటుంది. డి-పట్టా అంటే ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూమి, ఇలాంటి భూముల అమ్మకాల మీద 1977 చట్టం ఆంక్షలు పెట్టింది. రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఎ కింద నిషేధిత జాబితా ఉంది, అందులో సర్వే నంబరు ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు. డి-పట్టా, చెరువు గర్భం, పోరంబోకు, దేవాదాయ భూములు అందులో వస్తాయి. విజయనగరం చుట్టుపక్కల పూసపాటి రాజుల మాన్సాస్ ట్రస్టుకి వేల ఎకరాలున్నాయి, కాబట్టి ఆ వైపు కొనేవాళ్లు సర్వే నంబరు ముందే చూసుకోవాలి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అడిగితే చెప్తారు, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనూ చూసుకోవచ్చు. నోటరీ కాగితం మీద రాసిస్తాం అంటే లేచి వచ్చేయండి.

సీతంపేట, కురుపాం వైపు ఏజెన్సీలో అయితే గిరిజన ప్రాంత భూముల బదిలీని కట్టడి చేసే 1/70 చట్టం వర్తిస్తుంది. గిరిజనేతరులకి అక్కడ భూమి బదిలీ చెల్లదు, అంతే.

భోగాపురం ఎయిర్‌పోర్టు దగ్గర, మూలపేట పోర్టు దగ్గర ప్లాట్లు తీసుకోమంటున్నారు. తీసుకోవచ్చా?

ఉండటానికా, పెట్టుబడికా, అది ముందు తేల్చుకోండి. ఎక్కడో స్థలం కొని ఈఎంఐ కడుతూ ఇంకోచోట అద్దె కట్టడం మధ్యతరగతి ఇంటికి రెండు వైపులా బరువు. పైగా ఉత్త స్థలం మీద లోన్‌కి పన్ను మినహాయింపు లేదు, ఇల్లు కట్టాకే.

కొనాలనుకుంటే లేఅవుట్‌కి అప్రూవల్ ఉందో లేదో చూడండి. ప్రాంతాన్ని బట్టి వీఎంఆర్‌డీఏ, శ్రీకాకుళం వైపు సుడా, బొబ్బిలి వైపు బుడా అనే పట్టణాభివృద్ధి సంస్థలు ఇస్తాయి. బ్రోచరు మీద "అప్రూవల్‌కి అప్లై చేశాం" అని ఉంటే అప్రూవల్ లేదనే లెక్క. లేఅవుట్ పర్మిట్ (ఎల్‌పీ) నంబరు తీసుకుని ఆ సంస్థ ఆఫీసులోనే అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ గానీ, 8 ఫ్లాట్లు దాటిన అపార్ట్‌మెంట్ గానీ రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదు కాకుండా అమ్మకానికి పెట్టకూడదు. ఒకసారి ఆదివారం కారులో తీసుకెళ్లి చూపించినప్పుడు కాదు, మంచి వాన పడిన మర్నాడు మీరే బండి మీద వెళ్లి చూడండి. రోడ్డు ఎక్కడ తెగింది, నీళ్లు ఎటు నిలిచాయి, హద్దు రాళ్లు ఉన్నాయా, అన్నీ ఆ రోజే తెలుస్తాయి. శ్రీకాకుళం పట్టణంలో నాగావళి ఒడ్డున పల్లపు వీధుల్లో కొనేవాళ్లకీ ఇదే మాట.

కడుతున్న అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొంటే?

"1,200 అడుగులు" అంటే అది కార్పెట్ ఏరియానా, కామన్ ఏరియా కలిపిందా అడగండి, రెరా కింద కార్పెట్ ఏరియా చెప్పి తీరాలి. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా 10 శాతం మించి అడ్వాన్సు తీసుకోకూడదు. భూమిలో మీకు వచ్చే అవిభాజ్య వాటా ఎన్ని గజాలో దస్తావేజులో ఉండాలి. కట్టుబడిలో ఉన్న ఫ్లాట్‌కి జీఎస్టీ 5 శాతం, 45 లక్షల లోపు చిన్న ఫ్లాట్లకి 1 శాతం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు. పిల్లర్లు, స్లాబు లాంటి నిర్మాణ లోపాలు స్వాధీనం ఇచ్చిన ఐదేళ్ల లోపు బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో బాగు చేయాలి.

సొంత స్థలంలో ఇల్లు కడుతున్నాం. లోన్ ఒకేసారి ఇస్తారా?

ఇవ్వరు. బేస్‌మెంటు, లింటెల్, స్లాబు, ప్లాస్టరింగు ఇలా దశలవారీగా ఇంజనీరు వచ్చి చూశాక వదులుతారు. మేస్త్రి మాత్రం బ్యాంకు తారీఖుల కోసం ఆగడు, సెంట్రింగు అద్దె రోజురోజుకీ పెరుగుతుంది. అందుకని ఒక దశకి సరిపడా డబ్బు ఎప్పుడూ చేతిలో ఉంచుకోవాలి. ప్లాన్‌లో ఉన్నట్టే కట్టండి, పైన ఇంకో గది ఉంటే బాగుంటుందని మధ్యలో మారిస్తే తర్వాతి విడత ఆగిపోతుంది. ఇల్లు పూర్తయ్యేదాకా చాలా బ్యాంకులు తీసుకున్నంతకి వడ్డీ మాత్రమే కట్టించుకుంటాయి. ఆ వడ్డీ కడితే అసలు తగ్గదు. కట్టుబడి సాగదీసే కొద్దీ నష్టం మీకే.

ఫ్లోటింగ్ వడ్డీ అంటే ఏంటి? టెన్షన్ పడాలా?

2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ ఇంటి లోన్లకి వడ్డీ బయటి రేటుతో ముడిపడి ఉంటుంది, ఎక్కువగా రెపో రేటుతో, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ రేటుతో. కనీసం మూడు నెలలకోసారి సరిచూస్తారు. రెపో తగ్గితే మీ వడ్డీ తగ్గుతుంది, పెరిగితే పెరుగుతుంది.

పెరిగితే ఏమవుతుందో ఒక లెక్క చూడండి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 4 నుంచి 6.5 శాతానికి పోయింది, అంటే రెండున్నర శాతం. 20 లక్షలు 7 శాతానికి 20 ఏళ్లకి తీసుకుంటే ఈఎంఐ 15,506. సంవత్సరం కట్టాక బాకీ సుమారు 19.52 లక్షలు. అప్పుడు వడ్డీ 9.5 శాతానికి పోతే ఒక్క నెల వడ్డీయే 15,457. మీరు కట్టిన ఈఎంఐలో అసలుకి పోయేది 50 రూపాయలు కూడా కాదు. ఈఎంఐ మారలేదు కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్ల లోన్ గడువు అలా ఏళ్లకి ఏళ్లు సాగిపోయింది.

ఈ బాధ చూసే 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు కొత్త నిబంధన తెచ్చింది. వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంచెం కొంచెమా అన్నది మిమ్మల్ని అడగాలి. అందుకే సంవత్సరానికి రెండుసార్లయినా స్టేట్‌మెంటు తీసి మిగిలిన నెలలు ఎన్నో చూడండి. నెలలు పెరిగాయంటే బ్రాంచికి వెళ్లి ఈఎంఐ పెంచమనండి. కొత్తవాళ్లకి తక్కువ వడ్డీకి ఇస్తుంటే మీకూ తగ్గించమని అడగండి, అడగనివాళ్లకి ఎవరూ తగ్గించరు.

సంతకం పెట్టేముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడిగి తీసుకోండి. 2024 అక్టోబరు నుంచి అది ఇవ్వడం తప్పనిసరి, ఫీజులన్నీ కలిపిన అసలు వార్షిక రేటు అందులో కనిపిస్తుంది.

15 ఏళ్లా, 20 ఏళ్లా?

20 లక్షలు, 8.5 శాతం అనుకుందాం. 20 ఏళ్లకి ఈఎంఐ 17,356, మొత్తం వడ్డీ దాదాపు 21.65 లక్షలు. 15 ఏళ్లకి ఈఎంఐ 19,695, వడ్డీ దాదాపు 15.45 లక్షలు. నెలకి 2,300 పైచిలుకు ఎక్కువ కడితే 6 లక్షల పైన మిగులుతుంది. కానీ ప్రైవేటు ఉద్యోగం, వ్యాపారం వాళ్లకి నేను 20 ఏళ్లకే తీసుకుని మధ్యమధ్యలో అదనంగా కట్టమని చెప్తాను. కష్టం వచ్చిన నెల చిన్న ఈఎంఐ తేలిక.

మొదటి ఈఎంఐ 17,356లో 14,167 వడ్డీకే పోతుంది, అసలుకి 3,189. అందుకే మొదటి ఏళ్లలో అదనంగా కట్టే రూపాయి చాలా పని చేస్తుంది. సంవత్సరం చివర బోనసో, పంట డబ్బో, ఒక లక్ష అసలుకి కడితే చివర్లో 26 ఈఎంఐల దాకా తగ్గిపోతాయి, అంటే నాలుగున్నర లక్షలు. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ ఇంటి లోన్‌కి ముందే కట్టినందుకు పెనాల్టీ లేదు. కట్టేటప్పుడు "ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించండి" అని రాసివ్వండి.

సిబిల్ తక్కువుంది. ఏం చేయాలి?

సిబిల్ అంటే మీరు అప్పులు ఎలా తీర్చారో చెప్పే స్కోరు. అది 300 నుంచి 900 దాకా ఉంటుంది, 750 దాటితే వడ్డీ దగ్గర మాట్లాడే బలం ఉంటుంది. ఏడాదికోసారి రిపోర్టు ఉచితంగా వస్తుంది, లోన్‌కి ఆరు నెలల ముందే తీసి చూడండి. తీర్చిన లోన్ ఇంకా బాకీగా కనిపించడం, ఫ్రెండుకి ష్యూరిటీ సంతకం పెట్టిన లోన్ కట్టకపోవడం, ఈ రెండూ మన వైపు తరచుగా చూస్తున్నా. ఒకేసారి ఐదారు బ్యాంకుల్లో అప్లై చేయకండి.

లోన్‌తో పాటు ఇన్సూరెన్స్ తీసుకోవాలంటున్నారు. తప్పనిసరా?

ప్రాణానికి, ఇంటికి వేరువేరుగా చూడండి. లోన్‌లో కలిపేసి ఒకేసారి ప్రీమియం తీసుకునే పాలసీ చట్టప్రకారం తప్పనిసరి కాదు, పైగా ఆ ప్రీమియం మీద కూడా 20 ఏళ్లు వడ్డీ కడతారు. లోన్ మొత్తానికి సరిపడా విడిగా టర్మ్ పాలసీ తీసుకోండి. ఇది మాత్రం తీసుకోండి, ఇంటి పెద్ద పోతే ఆ అప్పు మీ ఇల్లాలి నెత్తిన పడకూడదు.

ఇంటికి కూడా కావాలి. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, మన వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. పలాస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి తోటలతో పాటు ఇళ్ల కప్పులూ పోయాయి. భారత్ గృహ రక్ష అని అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఒకే షరతులతో ఇచ్చే పాలసీ 2021 నుంచి ఉంది. అగ్నిప్రమాదం, తుపాను, వరద, భూకంపం అన్నీ వస్తాయి. బీమా చేయాల్సింది మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చుకి, స్థలం ధర కలపొద్దు.

పన్ను మినహాయింపు, ప్రభుత్వ సబ్సిడీ వస్తాయా?

పాత పన్ను విధానంలో ఉంటే సొంతంగా ఉంటున్న ఇంటికి ఏడాదికి 2 లక్షల దాకా వడ్డీకి, 1.5 లక్షల పరిమితిలో అసలుకి మినహాయింపు ఉంది. కొత్త విధానంలో సొంతంగా ఉండే ఇంటికి ఇవి లేవు. పన్ను కోసమే లోన్ తీసుకోమని ఎవరైనా అంటే వినకండి.

పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పీఎంఏవై) 2.0లో వడ్డీ రాయితీ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు, ఇంటి విలువ 35 లక్షల లోపు, లోన్ 25 లక్షల లోపు ఉండాలి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. మొదటి 8 లక్షల మీద 4 శాతం లెక్కన మొత్తం 1.80 లక్షల దాకా, ఐదు వార్షిక వాయిదాల్లో వస్తుంది. బ్యాంకులోనే అడగండి. మధ్యలో ఎవరికీ డబ్బులివ్వొద్దు.

ఒక నెల ఈఎంఐ కట్టలేకపోతే ఇల్లు లాక్కుంటారా?

ఒక నెలకి కాదు. 90 రోజులు దాటితే లోన్ ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది, ఆ తర్వాత సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చాకే ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు. కానీ ఫోన్ ఎత్తకుండా దాక్కోవద్దు. ఉద్యోగం పోయిన వారమే బ్రాంచికి వెళ్లి గడువు పెంచమనో, కొన్నాళ్లు తగ్గించమనో రాతపూర్వకంగా అడగండి. ఎన్‌పీఏ కాకముందు అడిగిన మనిషికీ, తర్వాత అడిగిన మనిషికీ అక్కడ మర్యాదలో చాలా తేడా ఉంటుంది.

రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఇంకేమైనా పనులున్నాయా?

చాలా ఉన్నాయి. ఇంటి పన్ను రికార్డులో పేరు మారిందో లేదో వార్డు సచివాలయంలోనో మున్సిపల్ ఆఫీసులోనో చూసుకోండి. కరెంటు సర్వీసు ఈపీడీసీఎల్‌లో మీ పేరుకి మార్పించండి, కుళాయి కనెక్షన్ కూడా. నెల తర్వాత కొత్త ఈసీ తీసి మీ పేరు, విస్తీర్ణం, హద్దులు సరిగ్గా ఎక్కాయో చూడండి. తప్పుంటే అమ్మినవాళ్లు అందుబాటులో ఉండగానే సవరణ దస్తావేజు రాయించుకోవాలి. బ్యాంకుకి ఒరిజినల్స్ ఇచ్చేటప్పుడు ప్రతి కాగితం పేరు, నంబరు రాసిన జాబితా మీద బ్యాంకు ముద్ర వేయించుకుని ఇంట్లో భద్రంగా పెట్టండి, ఆ జాబితా ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా తెలియాలి.

లోన్ తీరిపోయాక కాగితాలు ఎన్నాళ్లకి ఇవ్వాలి?

30 రోజుల్లో. 2023 డిసెంబరు 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ఇది. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5 వేల చొప్పున మీకు చెల్లించాలి. లోన్ తీసుకున్నవాళ్లు చనిపోతే వారసులకి కాగితాలు ఎలా ఇస్తారో కూడా బ్యాంకు ముందే ప్రకటించి ఉండాలి. ఒరిజినల్స్ తీసుకునేటప్పుడు పాత జాబితాతో ఒక్కొక్కటీ సరిచూసి, నో డ్యూ సర్టిఫికెట్ తీసుకుని, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఎంఓడీ రిలీజ్ రిజిస్టరు చేయించండి. ఈ చివరి పని వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు, పదేళ్ల తర్వాత పిల్లలు ఇల్లు అమ్మబోతే ఈసీలో ఆ తనఖా ఇంకా అలాగే కనిపిస్తుంది. రిలీజ్ అయిన రెండు వారాలకి ఈసీ ఒకటి తీసి అందులో ఎక్కిందని చూసుకున్నాకే ఫైలు మూసేయండి.